పెట్టె ముందా, పండు ముందా? – మామిడి అట్టపెట్టెలకు రోజుల లెక్క



ఈనాడు మనం మాట్లాడుకోబోయేది ఎరువు గురించి కాదు, పురుగుమందు గురించీ కాదు. మామిడిపండును తోటనుంచి పట్నానికి మోసుకుపోయే అట్టపెట్టె గురించి. "పెట్టెదేముందండీ, డబ్బిస్తే ఏ రోజైనా దొరుకుతుంది" అని మీలో కొందరు అనుకోవచ్చు. దుకాణంలో పేర్చి ఉన్న మామూలు పెట్టె అయితే ఆ మాట నిజమే. కాని మీ సంఘం పేరుతో, మీ కాయ కొలతకు, మీరు కోరిన బొమ్మతో అచ్చువేయించుకునే పెట్టె ఏ రోజైనా దొరికేది కాదు. దానికి మూడు నెలలు పడుతుంది. కాయ మాత్రం మూడు రోజులు కూడా ఆగదు. ఈ రెండింటికీ పొత్తు కుదర్చడమే ఇవాళ్టి విషయం.

మొదట, సొంత పెట్టె ఎందుకు? నూజివీడు, తిరువూరు ప్రాంతాల తోటల్లో రైతు ఏడాది పొడుగునా కష్టపడి పండించిన బంగినపల్లి కాయను విడిగా మండీకి తోలితే, అక్కడ నలుగురి కాయలో కలిసిపోతుంది. తిన్నవాడికి పండు బాగుందని తెలుస్తుంది గాని, ఎవరి తోటదో తెలియదు. మళ్లీ ఏడు ఆ తోట కాయే కావాలని అడిగే దారి వాడికి లేదు. పెట్టెమీద సంఘం పేరు, ఫోను నంబరు ఉంటే ఆ దారి ఏర్పడుతుంది. అందుకే ఈనాడు రైతు ఉత్పత్తిదారుల సంఘాలు చాలావరకు సొంత పెట్టెమీద మనసు పెడుతున్నాయి. మంచిదే. అయితే మనసు పెట్టేది ఉగాది దాటాక, కాయ దిగబోయే ముందు! ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లు అన్నమాట.

పెట్టెలు ఒక్క వారం ఆలస్యమైతే ఏమవుతుందో చూడండి. కోతకు వచ్చిన కాయను చెట్టున ఉంచితే పండి రాలుతుంది. ఈలోగా గాలివాన వస్తే ఒక్క రాత్రిలో నేలపాలవుతుంది. కోసి పాకలో పోస్తే మగ్గిపోతుంది. గత్యంతరం లేక విడిగా మండీకి పంపుతారు. కొనుగోలుదారుకు ఇచ్చిన మాట పోతుంది. తరువాత వచ్చిన పెట్టెలు మరుసటి ఏడాదిదాకా పాకలో పడి ఉంటాయి. వానాకాలపు చెమ్మకు అట్ట మెత్తబడుతుంది. చెద, ఎలుక తమ వంతు తాము తీసుకుంటాయి. అంటే కాయ ధరా పోయింది, పెట్టెల సొమ్మూ పోయింది. కనుక ఇది సొగసు కోసం చేసే పని కాదు. పంట సొమ్ముకు సంబంధించిన పని.

వెనక్కు లెక్కించండి

పెళ్లి ముహూర్తం పెట్టుకున్నాక మనం ఏం చేస్తాం? శుభలేఖలు ముహూర్తంనాడు అచ్చువేయిస్తామా? ముహూర్తంనుంచి వెనక్కు లెక్క కట్టి, పంచడానికి ఇన్నాళ్లు, అచ్చుకు ఇన్నాళ్లు, మాటలు వ్రాసుకోవడానికి ఇన్నాళ్లు అని పెట్టుకుంటాం. పెట్టెకూ ఇదే పద్ధతి. కోత మొదలయ్యే రోజే ముహూర్తం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. మీ తోటల్లో కోత ఏప్రిల్ 20న మొదలవుతుందని అనుకోండి. అక్కడినుంచి వెనక్కు వస్తే రోజులు ఇలా పడతాయి.

ఏప్రిల్ 8 నుంచి 19 వరకు, 12 రోజులు: పెట్టెలు మీ పాకలో సిద్ధంగా ఉండాలి.
ఏప్రిల్ 5 నుంచి 7 వరకు, 3 రోజులు: లారీ ప్రయాణం, దించుకోవడం, లెక్క చూసుకోవడం.
మార్చి 16 నుంచి ఏప్రిల్ 4 వరకు, 20 రోజులు: ఫ్యాక్టరీలో పెట్టెల తయారీ.
మార్చి 6 నుంచి 15 వరకు, 10 రోజులు: అచ్చు ప్లేట్లు, అట్టను కోసే డై తయారీ.
ఫిబ్రవరి 24 నుంచి మార్చి 5 వరకు, 10 రోజులు: బొమ్మ, అక్షరాలు, ప్రూఫు దిద్దడం.
ఫిబ్రవరి 14 నుంచి 23 వరకు, 10 రోజులు: అచ్చులేని నమూనా పెట్టె, దాని పరీక్ష.
ఫిబ్రవరి 4 నుంచి 13 వరకు, 10 రోజులు: ధరల విచారణ.
జనవరి 20 నుంచి ఫిబ్రవరి 3 వరకు, 15 రోజులు: కొలత, బరువు, పెట్టెమీది మాటలు నిర్ణయించడం.

ఇవన్నీ కలిపితే 90 రోజులు. అయితే ఏ పనీ అనుకున్నట్లే సాగదు గదా! పండుగలకు పనివాళ్లు ఊళ్లకు పోతారు, కాగితం లోడు రాదు, కరెంటు ఉండదు. పైగా తోటలున్న ప్రతివాళ్లూ ఆ రెండు నెలల్లోనే ఫ్యాక్టరీ మీద పడతారు. అందుకని మరో 15 రోజులు నిలవగా పెట్టుకోండి. మొత్తం 105 రోజులు. అనగా జనవరి 5న, సంక్రాంతికి ముందే, పని మొదలుకావాలి. చెట్టు అప్పటికి పూతమీద ఉంటుంది. పూత చూస్తూనే పెట్టె సంగతి ఎత్తాలన్నమాట.

ఈ రోజులు అన్నిచోట్లా ఒకటే అని నేను చెప్పడం లేదు. మీ ఫ్యాక్టరీవారిని ఒక్కొక్క పనికి ఎన్నాళ్లో విడివిడిగా అడిగి, మీ అంకెలు మీరు వేసుకోండి. "మొత్తం ఎన్నాళ్లు?" అని ఒక్క ప్రశ్న వేస్తే "నెలలో ఇచ్చేస్తామండీ" అంటారు. వాళ్ల నెల లెక్క మీరు ప్రూఫు ఒప్పుకున్న రోజునుంచి మొదలవుతుంది. మీ లెక్క మాట్లాడిన రోజునుంచి మొదలవుతుంది. తగాదాలు వచ్చేది ఇక్కడే.

కొలత పోయిన ఏటి కాయది

జనవరిలో పెట్టె కొలత నిర్ణయించాలంటే కాయ ఎక్కడిది? చెట్టున ఉన్నది పూత. అందుచేత నిజానికి పెట్టె పని పోయిన ఏడు కోతలోనే మొదలవుతుంది. కోత జరిగేటప్పుడు వేరువేరు చెట్లనుంచి 100 కాయలు తీసి, ఒక్కొక్కదాని బరువు, పొడవు, వెడల్పు, మందం ఒక పుస్తకంలో వ్రాసి ఉంచండి. వీలైతే అప్పుడే రెండు మూడు కొలతల్లో అచ్చులేని పెట్టెలు తెప్పించి, అసలు కాయ పేర్చి చూడండి. ఇంతకు మించిన పరీక్ష లేదు.

ఆ పుస్తకం ఉంటే లెక్క సులభం. మీ కాయ సగటున 350 గ్రాములుంటే 5 కిలోల పెట్టెలో 14 కాయలు పడతాయి. బరువు 4 కిలోల 900 గ్రాములే అవుతుంది. 5 కిలోలు అని అచ్చువేసి అంత కట్టరాదు. కాయ దారిలో ఆవిరై కొంత తరుగుతుంది కూడాను. 15 కాయలు పట్టే పెట్టె కావాలి, లేదా కొంచెం పెద్ద కాయను ఏరి కట్టాలి. ఈ సంగతి జనవరిలో తేలితే పెన్సిలుతో దిద్దుకోవచ్చు. ఏప్రిల్లో తేలితే నాలుగువేల పెట్టెలు దిద్దాలి.

దూరం పోయే పండును ఒకే వరుసగా పేర్చడం మేలు. పెట్టె లోతు కాయ మందానికి సరిపోయి, కింద పైన మెత్తకు కొంచెం చోటుండాలి. కాయ పెట్టె అంచుకన్న పైకి లేస్తే పై పెట్టె బరువు అట్టమీద పడదు, కాయమీద పడుతుంది.

పెట్టె బలం

పెట్టె బలం ఎంత కావాలో కూడా లెక్కే. 5 కిలోల పండు, పెట్టె, మెత్త కలిపి ఐదున్నర కిలోలు అనుకుందాం. లారీలో పది పెట్టెల దొంతి వేస్తే అన్నిటికన్న కిందిదాని మీద తొమ్మిది పెట్టెల బరువు, అంటే సుమారు 50 కిలోలు పడుతుంది. అయితే 50 కిలోలు మోసే పెట్టె చాలదు. దారిలో కుదుపులుంటాయి, చెమ్మ ఉంటుంది, దొంతి రోజుల తరబడి నిలిచి ఉంటుంది. తడిగాలిలో అట్ట తన బలంలో సగందాకా కోల్పోవచ్చు. కాబట్టి మూడు నాలుగింతలు, అనగా 150 నుంచి 200 కిలోల ఒత్తిడికి ఆగే పెట్టె కావాలని అడగండి. ఆ పరీక్ష చేసే యంత్రాలున్నాయి. ఫలితం కాగితంమీద ఇవ్వమనండి.

మూడు పొరల అట్ట, ఐదు పొరల అట్ట రెండూ వాడుకలో ఉన్నవే. మూడు పొరల అట్టలో రెండు చదును కాగితాల నడుమ ఒక ముడతల కాగితం ఉంటుంది. ఐదు పొరల అట్టలో ముడతల కాగితాలు రెండు. దూరాన్నిబట్టి, దొంతి ఎత్తునుబట్టి తేల్చుకోండి. ఏదైనా సరే, ముడతలు నిలువుగా ఉండాలి. పడుకోబెట్టిన ముడతలు బరువుకు నలిగిపోతాయి.

పెట్టెలో బరువును ఎక్కువగా మోసేవి నాలుగు మూలలు. కాబట్టి గాలి రంధ్రాలు మూలలకు దూరంగా, పక్క గోడల నడుమ ఉండాలి. రంధ్రాలన్నీ కలిసి గోడ వైశాల్యంలో సుమారు నూటికి 5 వంతులుంటే చాలు. దొంతి పేర్చినప్పుడు ఒక పెట్టె రంధ్రం పక్క పెట్టె రంధ్రానికి ఎదురుపడాలి. అప్పుడే మగ్గబెట్టే గదిలో చల్లగాలి, ఇథిలిన్ వాయువు లోపలిదాకా పోతాయి. చాలామంది రంధ్రం ఉన్నచోటే సంఘం బొమ్మ వేయిస్తారు. తర్వాత బొమ్మ మొగాన బెజ్జం పడిందని బాధపడతారు. మొదట రంధ్రాలు, దరిమిలా బొమ్మ.

ఇక నమూనా పరీక్ష. ఫిబ్రవరిలో మామిడికాయ లేదు గనుక, కాయ బరువుకు సరిపోయే ఇసుక సంచులు చిన్నవి కుట్టి పెట్టెలో పేర్చండి. పది పెట్టెల దొంతి వేసి రెండు రాత్రులు ఉంచండి. ట్రాక్టరులో ఎక్కించి గతుకుల బాటమీద పది మైళ్లు తిప్పండి. కింది పెట్టె మూల నలిగిందా, అడుగు జారిందా చూడండి. ఈ పరీక్షకు ఖర్చు స్వల్పం. రోజులు తక్కువయ్యాయని మన సంఘాలు మొట్టమొదట మానేసేదీ ఇదే. ఏది మానినా దీన్ని మానకండి.

పెట్టెమీద ఏం వ్రాయాలి, ఏం వ్రాయరాదు

చిల్లరగా అమ్మే కట్టిన సరుకుమీద కొన్ని వివరాలు తప్పక ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజీ నిబంధనలు చెబుతున్నాయి. కట్టినవారి పేరు, చిరునామా, సరుకు పేరు, నికర బరువు, కట్టిన నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపి గరిష్ఠ చిల్లర ధర, యూనిట్ ధర, ఫిర్యాదు చేయదలచినవారికి ఫోను, చిరునామా. అక్షరాల, అంకెల ఎత్తుకు కూడా నిబంధన ఉంది. సంఘం పేరున కాయ సేకరించి, కట్టి, అమ్మేటప్పుడు ఆహార భద్రతా శాఖ రిజిస్ట్రేషనో లైసెన్సో అవసరమవుతుంది; దాని 14 అంకెల సంఖ్య పెట్టెమీదికి రావాలి. ఈ కాగితాలు చేతికి వచ్చిన తరువాతనే ప్రూఫు. "నంబరు వస్తుంది లెండి, చోటు వదలండి" అన్న మాటతో ఆగిపోయిన పెట్టెలు తక్కువ కాదు.

బంగినపల్లి మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయితే ఆ గుర్తింపు చిహ్నాన్ని మీ పెట్టెమీద వేసుకోవాలంటే అధీకృత వినియోగదారుగా నమోదు కావాలి. అది వారంలో తెమిలే పని కాదు. అందుచేత ఉద్యానశాఖవారిని కలిసి దరఖాస్తు ఏడాది ముందే పెట్టండి. నమోదు అందకపోతే ఆ ఏడు చిహ్నం లేకుండానే అచ్చువేయండి; పెట్టెను దానికోసం ఆపవద్దు.

"సేంద్రియ పంట" అనే మాటకూడా అంతే. మనం ఎరువు వేయలేదు, మందు కొట్టలేదు అన్నది నిజమే కావచ్చు. కాని ధ్రువపత్రం చేతిలో లేనిదే ఆ మాట అచ్చులోకి ఎక్కరాదు. కాల్షియం కార్బైడుతో పండ్లు మగ్గబెట్టడం చట్టరీత్యా నిషేధం. అది చేయకపోవడం గొప్ప కాదు, విధి. అందుకు బదులు "ఇథిలిన్ గదిలో మగ్గబెట్టినవి" అని నిజంగా చేసిన పని వ్రాయండి. కొనేవారికి నమ్మకం కలిగేది అలాంటి మాటవల్లనే.

ఇక ముఖ్యమైన సూత్రం ఒకటి. మారని సంగతులు అచ్చు, మారే సంగతులు ముద్ర. సంఘం పేరు, ఊరు, ఫోను, లైసెన్సు సంఖ్య మారవు. వాటిని పెట్టెమీద అచ్చువేయండి. ధర, కట్టిన తేది, కాయల సంఖ్య, తోట గుర్తు మారుతూ ఉంటాయి; వాటికి ఒక తెల్లని గడి వదిలి, కట్టే రోజున రబ్బరుముద్ర వేయండి. ధరకూడా అచ్చువేస్తే, బజారు మారిననాడు పెట్టెలన్నీ చిత్తుకాగితాలే. ఈ ఏడు మిగిలిన పెట్టెను వచ్చే ఏడు వాడుకునే వీలు కూడా ఈ సూత్రంవల్లనే కలుగుతుంది.

ప్రూఫు: పదిమంది చూపు, ఒక్కరి సంతకం

రోజులు ఎక్కువగా జారిపోయేది ఫ్యాక్టరీలో కాదు, మన చేతుల్లోనే. ప్రూఫు వస్తుంది. అధ్యక్షులవారు ఆకుపచ్చ రంగు బాగుందంటారు. కోశాధికారిగారు పసుపు కావాలంటారు. మరొకరు ఊరిపోయి, పదిరోజుల తరువాత వచ్చి, "నన్ను అడగలేదేం?" అంటారు. ఈలోగా మన వంతు జరిగిపోయి ఫ్యాక్టరీలో మరొకరి పెట్టెలు యంత్రమెక్కుతాయి.

దీనికి విరుగుడు ఒకటే. మొదటి సమావేశంలోనే తీర్మానం చేయండి: ప్రూఫు ఇన్నో తారీఖున వస్తుంది, రెండు రోజులు అందరూ చూస్తారు, మూడోనాడు ఫలానా ఒక్కరే సంతకం చేస్తారు. ఆ తరువాత మార్పు లేదు.

ప్రూఫు చూసేటప్పుడు రంగుకన్న ముందు అంకెలు చూడండి. ఫోను నంబరును అద్దంలా చదివి ఊరుకోకుండా, ఆ నంబరుకు నిజంగా ఫోను చేసి చూడండి. తెలుగు అక్షరాల సంగతి ప్రత్యేకం. ఒక కంప్యూటరులో సరిగా ఉన్న వత్తులు మరొక కంప్యూటరులో తెరిస్తే చెదిరిపోవడం కద్దు. అక్షరాలను బొమ్మగా మార్చి పంపమని డిజైను చేసేవారికి చెప్పండి. ముతక అట్టమీద సన్నని వత్తులు, గుడులు సిరాతో పూడుకుపోతాయి. కనుక తెలుగు అక్షరాలు కొంచెం పెద్దవిగా, లావుగా ఉండాలి. గోధుమరంగు కాగితంమీద పసుపు దాదాపు కనిపించదు. మామిడిపండు బొమ్మ పచ్చగా మెరవాలంటే పై పొరకు తెల్లకాగితం వాడాలి, దానికి ఖర్చు హెచ్చు. ఒకటి రెండు రంగులైతే అట్టమీద నేరుగా అచ్చు పడుతుంది. నిండు రంగుల ఫోటో కావాలంటే విడిగా కాగితంమీద అచ్చువేసి, దాన్ని అట్టకు అంటించాలి, రోజులూ పెరుగుతాయి. మొదటి ఏడు రెండు రంగులతో సరిపెట్టుకున్న సంఘానికి వచ్చే నష్టమేమీ లేదు. పండు తీయగా ఉంటే పెట్టె రంగును ఎవరూ తప్పుపట్టరు.

ఎన్ని పెట్టెలు?

ఇది చిక్కు ప్రశ్న. కాపు ఎంత నిలుస్తుందో తెలియదు, పెట్టెలు మాత్రం ముందే చెప్పాలి. ప్లేట్లకు, డైకి ఒక్కసారి పెట్టే ఖర్చు ఉంటుంది. అది 12,000 రూపాయలు అనుకుందాం. వెయ్యి పెట్టెలే చేయిస్తే పెట్టెకు 12 రూపాయలు దానికే పోతుంది. నాలుగువేలు చేయిస్తే 3 రూపాయలే. దీన్ని చూసి ఎక్కువ చేయిద్దామని ఆశ పుడుతుంది. కాని గాలివాన మన ఆశను అడిగి రాదు.

మధ్యేమార్గం ఉంది. ఆర్డరు ఒకటి, తయారీ రెండు విడతలు. మీరు పెట్టెల్లో కట్టదలచిన కాయ 20 టన్నులైతే 5 కిలోల పెట్టెలు 4,000 కావాలి. మొదటి విడత 2,500 ఏప్రిల్ 8 నాటికి, రెండో విడత 1,500 ఏప్రిల్ 28 నాటికి అని ఒప్పందం వ్రాసుకోండి. కోత ఒక్కనాడు ముగిసేది కాదు గనుక రెండో విడత సరిగా అందుతుంది. మార్చి మధ్యలో కాయ నిమ్మకాయంత దాటి, పిందెరాలు తగ్గిన తరువాత, తోటల్లో తిరిగి కాయ చూసి అంచనా కట్టండి. మొదటి విడతకు అప్పుడే పచ్చజెండా ఊపాలి. రెండో విడతను పెంచాలా, తగ్గించాలా అన్నది ఏ తేదీలోగా చెప్పవచ్చో ఆ ఒప్పందంలోనే వ్రాయించుకోండి. పాడైపోయేవాటికి నూటికి మూడు చొప్పున అదనంగా కలపడం మరువకండి.

ఒప్పందంలో మరి నాలుగు మాటలు ఉండాలి. ప్లేట్లు, డై సంఘానివి; అడిగినప్పుడు ఇవ్వాలి. అనుకున్న సంఖ్యకు ఎంత ఎక్కువ తక్కువ వచ్చినా ఒప్పుకుంటాం అన్న హద్దు. ఏ తేదీకి అందకపోతే ఎంత తగ్గింపు అన్నది. చివరి సొమ్ము సరుకు చూసుకున్నాకే అన్నది. నోటి మాట మంచిదే, కాగితం ఇంకా మంచిది.

పెట్టెలు దిగిన రోజు

లారీ వచ్చినప్పుడు పైకట్ట ఒక్కటి చూసి సంతకం పెట్టకండి. నడిమి కట్టలు కొన్ని విప్పించండి. టేపు పెట్టి కొలత చూడండి. ఒక పెట్టె మడిచి, ఇసుక సంచులు వేసి, నిలబెట్టండి. జిగురు వీడుతోందా, పిన్నులు తుప్పుపట్టాయా, అట్ట తడిగా ఉందా గమనించండి. అచ్చులో ఫోను నంబరు మరొకసారి చదవండి. తప్పుంటే దిద్దుకోవడానికే ఆ 12 రోజులు చేతిలో ఉంచుకున్నది.

పెట్టెలను మడవకుండా, చదునుగా, చెక్కబల్లల మీద, గోడకు జానెడు ఎడంగా పేర్చండి. నేలచెమ్మ తగలరాదు, జల్లు కొట్టరాదు. ఎరువుల బస్తాల పక్కన, పురుగుమందుల పక్కన ఎన్నడూ పెట్టకండి. పండ్లను తొడిమతో కోసి, సొన కార్చి, కడిగి, పూర్తిగా ఆరిన తరువాతనే పెట్టెలో పెట్టండి. మూడు నెలలు కష్టపడి చేయించిన పెట్టెను తడికాయ ఒక్క రాత్రిలో మెత్తబరుస్తుంది.

ఇప్పటికే ఆలస్యమైతే?

"మాకు మార్చి వచ్చేసింది, ఏం చెయ్యమంటారు?" అని మీరు అడగవచ్చు. కోతకు 40 రోజులే మిగిలినప్పుడు 105 రోజుల పనిని అందులో కుక్కాలని చూడకండి. ఈ ఏటికి సొంత డై మానుకోండి. ఫ్యాక్టరీవద్ద సిద్ధంగా ఉండే కొలతల్లో మీ కాయకు సరిపోయే పెట్టె అచ్చులేనిది తీసుకుని, పైన అంటించే పెద్ద చీటీ మాత్రం మీ పేరుతో అచ్చువేయించండి. చీటీ అచ్చు చాలా త్వరగా అవుతుంది. పెట్టెమీద మీ పేరు ఉంటుంది, పండు వేళకు పోతుంది. రంగులు తగ్గించవచ్చు, బొమ్మ తగ్గించవచ్చు. బలం పరీక్షను, చట్టం అడిగిన వివరాలను మాత్రం తగ్గించరాదు.

విస్తరణ సిబ్బందికి ఒక మాట. కోత రోజుల్లో మీరు తోటకు వెళ్లినప్పుడు కాటా, టేపు వెంట తీసుకుపోయి, 100 కాయల కొలతలు రైతుచేతనే వ్రాయించండి. పూత రోజుల్లో సంఘం సమావేశంలో కూర్చున్నప్పుడు పురుగుతోపాటు పెట్టె మాట కూడా ఎత్తండి. కోత తేదీనుంచి వెనక్కు వేసిన రోజుల పట్టిక పెద్ద అక్షరాలతో వ్రాసి సంఘం గోడకు అంటించండి. ఏ పని ఎవరిది, ఏ తేదీకి అన్నది అందులో ఉండాలి. ఒక పని రెండు రోజులు వెనకబడితే ఆ రోజే నిలవలోనుంచి రెండు రోజులు కొట్టివేయండి. నిలవ ఐదు రోజులకు దిగితే సమావేశం పిలవండి. అప్పటికింకా చీటీ పద్ధతికి మారే వ్యవధి ఉంటుంది.

కాబట్టి సోదరులారా, కోత నెలలో కాయ కొలవండి. పూత నెలలో పెట్టె మొదలుపెట్టండి. పిందె నిలిచాక లెక్క తేల్చండి. కాయ ముదిరేనాటికి పెట్టె మీ పాకలో ఉంటుంది. చెట్టు తన వేళకు తాను కాస్తుంది. ఆ వేళకు మనం సిద్ధంగా ఉండటమే మన వంతు.